జీన్స్ జాకెట్ వీపున పులివేషం వేయడం ఎలా

రెండేళ్లకోసారి ఒడిశాలోని బరంపురంలో జరిగే ఠాకురాణి జాతరలో పులివేషం చూసినవాళ్లకి పాప్ ఆర్ట్ (రోజువారీ సరుకుల్నీ కామిక్స్ బొమ్మల్నీ చదును రంగుల్లో కళగా మార్చిన పద్ధతి) గురించి వేరే పాఠం అక్కర్లేదు. ఒళ్లంతా పసుపు, మీద నల్లచారలు. నీడల్లేవు, రంగు రంగులో కరిగిపోవడం లేదు, వీధి చివర నుంచి చూసినా పులే. 1962లో అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ సూప్ డబ్బాల బొమ్మల్లో వాడిందీ ఇలాంటి చదును రంగే. మరో చిత్రకారుడు కీత్ హేరింగ్ 1986లో న్యూయార్క్‌లో పాప్ షాప్ అనే దుకాణం తెరిచి, తన లావుపాటి గీతల్ని టీషర్టుల మీద అమ్మాడు. ఆ గీతల్ని ఎత్తి రాయకండి. మన వీధిలోనే కావలసినంత సరుకుంది.

జాకెట్ నూటికి నూరు కాటన్‌దైతే మేలు. సాగే జీన్స్ మీద పెయింట్ మోచేతులు, భుజాల దగ్గర పగులుతుంది. కొత్తదైనా సరే ఒకసారి సబ్బుతో ఉతికి ఆరబెట్టాలి, బట్టల్ని మెత్తబరిచే కంఫర్ట్ లాంటివి వేయకూడదు. గంజిగానీ ఆ మెత్తదనం పూతగానీ నూలు మీద ఉంటే రంగు దారంలోకి దిగక పైపైనే నిలుస్తుంది, నాలుగు ఉతుకులకే పొరలుగా లేస్తుంది. తర్వాత ఇస్త్రీ చేసి, లోపల గట్టి అట్ట పెట్టి, చుట్టూ క్లిప్పులు వేయండి.

బొమ్మ అడుగు వెడల్పు చాలు. కుట్లకి రెండు వేళ్ల దూరం వదలండి. కుట్టు మందంగా ఉన్నచోట కుంచె ఎగురుతుంది, గీత వంకర పోతుంది. ముదురు నీలం మీద పెన్సిల్ కనబడదు, తెల్ల కార్బన్‌గానీ టైలర్ సుద్దగానీ వాడండి.

ఫెవిక్రిల్ ఫ్యాబ్రిక్ రంగులు 15 మిల్లీలీటర్ల సీసాల్లో దొరుకుతాయి. ఈ సైజుకి తెలుపు రెండు, పసుపు రెండు, నలుపు ఒకటి, ఎరుపు ఒకటి తీసుకోండి. ఎరుపు నోటికీ నాలుకకీ మాత్రమే, సగం మిగులుతుంది.

ఎక్కువమంది తడబడేది పసుపు దగ్గరే. నేరుగా నీలం గుడ్డ మీద వేస్తే పులి ఆకుపచ్చగా తేలుతుంది, ఎందుకంటే పసుపు పలచన రంగు, కింది నీలం అందులోంచి కనబడుతుంది. అందుకే ముందు తెలుపు రెండు పూతలు, ఆరాక పసుపు రెండు పూతలు. చారలు రాబోయే చోట మాత్రం తెలుపు, పసుపు వేయకండి. అంచులో రెండు మిల్లీమీటర్లు నలుపు కిందికి వెళితే చాలు. అన్ని పూతలూ ఒకదానిమీద ఒకటి పడితే వీపు అట్టలా బిగుసుకుని, మడత పడగానే చీలుతుంది.

అయిదు చుక్కల రంగుకి ఒక చుక్క నీళ్లు మించకూడదు. ఎక్కువైతే రంగు దారం వెంట పాకి అంచు వెంట్రుకల్లా లేస్తుంది. పూతకీ పూతకీ నడుమ గంట ఆగండి. శ్రావణ భాద్రపదాల్లో బరంపురం, గోపాల్‌పూర్ గాలికి రెండు గంటలైనా పడుతుంది. నల్లచారలు చివర్న, రెండో నంబరు గుండ్రటి కుంచెతో వేయాలి. ట్యూబు ఔట్‌లైనర్ సులువుగానే ఉంటుంది కానీ ఆ ఉబ్బిన గీతే మొదట రాలుతుంది.

పులి వెనక ఖాళీ చోట చుక్కలు కావాలంటే పాత ఎక్స్‌రే ఫిల్మ్ మీద సెంటీమీటరు ఎడంతో కన్నాలు పొడవండి. కాగితం పంచ్ అంచుల దగ్గర తప్ప అందదు, తోలుకి కన్నాలు వేసే పంచ్, సుత్తీ కావాలి. పాప్ ఆర్ట్ చిత్రకారుడు రాయ్ లిక్టెన్‌స్టైన్ బొమ్మల్లోని చుక్కలు చవక ముద్రణ నుంచి వచ్చినవే, స్టెన్సిల్‌తో వేసినవే. స్పాంజిని రంగులో ముంచాక అట్ట మీద ఒత్తి దాదాపు పొడి చేసి అద్దండి. తడిగా అద్దితే ఫిల్మ్ కిందికి పాకి చుక్క మరకవుతుంది. మరక ఆరిందా, ఇక పోదు, దాని మీదో చార గీయడమే.

గజపతి, రాయగడ జిల్లాల్లో సవరల ఇడితాల్ బొమ్మల్ని కూడా ఇలాగే వేయమని అడుగుతుంటారు. అవి దేవతలకీ పెద్దలకీ ఇంటి గోడ మీద రాసే బొమ్మలు. జాకెట్ మీదికి దించకపోవడమే మర్యాద.

ఒక రోజు ఆరనిచ్చి, బొమ్మ లోపలివైపు నుంచి కాటన్ వేడి మీద, ఆవిరి లేకుండా ఇస్త్రీ చేయండి. పెట్టె ఒకేచోట ఆపకుండా నాలుగైదు నిమిషాలు తిప్పాలి. వేసిన మూడు రోజుల దాకా ఉతకొద్దు. ఉతికేటప్పుడు తిరగేసి, చన్నీళ్లలో, చేత్తోనే. బండకేసి బాదితే పని అంతా పోతుంది. మడిచేటప్పుడు పెయింట్‌కి పెయింట్ తగలకుండా బటర్ పేపర్ పెట్టండి.

బరంపురం పట్టు మీద ఇదే పని చేయమంటే పెద్ద బొమ్మ ఒప్పుకోకండి, ఈ అక్రిలిక్ రంగు పడ్డచోట పట్టు జారడం మానేస్తుంది. పైటకొంగులో అరచేతికి మించని బొమ్మ, రంగులో ఫ్యాబ్రిక్ మీడియం (గుడ్డ మీద రంగు మెత్తగా ఉండేందుకు కలిపే ద్రవం) కలిపి, ఇస్త్రీ తక్కువ వేడి మీద. ముందుగా రవిక ముక్క మూల మీద వేసి, ఉతికి చూసుకున్నాకే చీర ముట్టుకోండి.