ఏడింటికి వెళ్లడానికి ఒక చోటు: మందు మానాలనుకునేవాళ్లు మీటింగ్ ఎలా వెతుక్కోవాలి

నేను సికింద్రాబాద్‌లో వాచీలు రిపేరు చేస్తాను. తాగే రోజుల్లో పొద్దున షట్టర్ ఎత్తి, పట్టకారుతో చిన్న స్క్రూ పట్టుకోబోతే చెయ్యి వణికేది. క్వార్టర్ పడితే గానీ వణుకు ఆగేది కాదు. తాగడం మానేసి ఇప్పటికి తొమ్మిదేళ్లు. నన్ను నిలబెట్టినవి ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు, అంటే తాగుడు మానినవాళ్లూ మానాలనుకునేవాళ్లూ ఒకచోట కూర్చుని తమ సంగతులు చెప్పుకునేవి. మేం ఏఏ అంటాం. అయితే మొదట వెళ్లిన మీటింగ్ నాకు కుదరలేదు. మీటింగులన్నీ ఇంతేనేమో అనుకుని ఇంకో ఎనిమిది నెలలు తాగాను. మీకు అన్ని నెలలు పోకూడదని ఇది రాస్తున్నాను.

ముందు ఒంటి సంగతి చూసుకోండి. రోజూ గట్టిగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల్లో లేనివి కనిపించి, మతి తప్పి, ప్రాణం మీదికి రావచ్చు. ఎంత తాగుతున్నారో డాక్టరుకి దాచకుండా చెప్పి, ఆయన చెప్పినట్టే ఆపండి. మీటింగులో ఎవరైనా డాక్టరిచ్చిన మాత్రలు మానెయ్యమంటే వినకండి. ఆ మాట డాక్టరే చెప్పాలి.

మీటింగులు ఎక్కడున్నాయో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. నెట్‌లో ఏఏ ఇండియా అని, పక్కన మీ ఊరి పేరు కొట్టి చూడండి. ప్రభుత్వ ఆసుపత్రి డీఅడిక్షన్ వార్డులో అడగండి. కేంద్ర ప్రభుత్వం హెల్ప్‌లైన్ 14446 కి ఫోన్ చేసి, ఎక్కడ సాయం దొరుకుతుందో కనుక్కోవచ్చు. అమెరికాలో ఉన్నవాళ్లకి మీటింగ్ గైడ్ అనే ఏఏ యాప్ ఉంది. దగ్గర్లో ఏమీ లేకపోతే ఆన్‌లైన్ మీటింగులున్నాయి.

ఇక అసలు సంగతి, మీకు సరిపడేది ఎంచుకోవడం. నేను మొదట వెళ్లింది ఆదివారం పొద్దుటి మీటింగ్. మంచివాళ్లే, కానీ ఎక్కువ ఇంగ్లీషు. నాకు సగం అర్థం కాలేదు. పైగా నా గండం ఆదివారం పొద్దున కాదు, మామూలు రోజుల్లో సాయంత్రం ఏడింటికి. ఎనిమిది నెలల తర్వాత మళ్లీ ఏఏ వాళ్లకి ఫోన్ చేస్తే అవతల ఉన్న పెద్దాయన నా పేరు కూడా అడగలేదు. "ఏ టైముకి లాగుద్ది తమ్ముడూ నీకు?" అన్నాడు. ఏడింటికన్నా అన్నాను. "అయితే ఏడింటి మీటింగుకే రా" అన్నాడు.

మీరూ అలాగే చూసుకోండి. ఏ గంటకి కాళ్లు వైన్ షాపు వైపు లాగుతాయో ఆ గంటకి జరిగే మీటింగ్ వెతకండి. దారి కూడా చూసుకోండి. మా షాపు నుంచి బస్టాపుకి వెళ్లే దారిలో పర్మిట్ రూమ్ ఉండేది. పది నిమిషాలు ఎక్కువైనా వెనక గల్లీలోంచి నడిచేవాణ్ణి. ఇప్పటికీ అదే దారి. భాష విషయంలో మొహమాటం వద్దు. ఏడుపొస్తే ఏ భాషలో ఏడుస్తారో ఆ భాష నడిచే మీటింగ్ కావాలి.

ఆ ఏడింటి మీటింగ్ ఒక బడి గదిలో. పిల్లల బెంచీలు, మోకాళ్లు పట్టవు. బోర్డు మీద పన్నెండో ఎక్కం సగం చెరిపేసి ఉంది. ఒకాయన ఫ్లష్ ట్యాంకులో సీసా దాచిన సంగతి చెప్పాడు. నేను రిపేరుకొచ్చిన గోడ గడియారం పెట్టెలో దాచేవాణ్ణి. అంతవరకు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు. "నేను వింటాను" అన్నాను, సరేనన్నారు. మూడో వారం చెప్పాను.

మంచి గ్రూపులో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డురారు, సలహాలు గుప్పించరు. ఫీజు ఉండదు. చివర్లో ఒక సంచీ తిప్పుతారు, అద్దెకీ టీకీ. కొత్తవాళ్లు ఏమీ వెయ్యక్కర్లేదు. మానాలనే కోరిక ఉంటే చాలు, మీరు సభ్యులే. చర్చి గదిలో జరిగినంత మాత్రాన అది చర్చి మీటింగ్ కాదు, గది వాళ్లదంతే. దేవుడి మాట వస్తుంది, నిజమే. ఎవరు ఎలా అనుకుంటే అలాగే. ఎవరైనా అప్పు అడిగినా, మతంలోకో స్కీములోకో లాగాలని చూసినా ఇంకో గ్రూపు చూసుకోండి. నేనైతే ఇంకోటి కూడా చూస్తాను: మానేసి పదేళ్లయినవాళ్లూ పది రోజులయినవాళ్లూ ఒకే గదిలో ఉన్నారా అని.

ఆడవాళ్లు ముందే ఫోన్‌లో ఆడవాళ్లు వచ్చే మీటింగ్ ఎక్కడని అడగండి, ఫోన్లో మాట్లాడడానికి ఒక సభ్యురాలినే అడగండి. ఇంట్లోవాళ్లని తీసుకెళ్లాలంటే ఓపెన్ మీటింగుకి వెళ్లాలి. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. భార్యాపిల్లలకి అల్-అనాన్ అని వేరే గ్రూపులున్నాయి. మా ఆవిడ నాకంటే ముందే అక్కడికి వెళ్లడం మొదలుపెట్టింది.

ఒక్కసారికే తేల్చెయ్యకండి. వేర్వేరు చోట్ల కనీసం ఆరు మీటింగులు చూడండి. ఫోన్ చేశాక ఏం మాట్లాడాలో తోచకపోతే ఇంతే అనండి: "నాకు మందు మానాలని ఉంది. ఈ సాయంత్రం మీటింగ్ ఎక్కడుంది?"