పారిస్‌లో వీధి టాయ్‌లెట్ వాడుకోవడం ఎలా?

పారిస్ చూసొచ్చినవాళ్లు ఈఫిల్ టవర్ గురించి రెండు ముక్కలు చెప్పి, ఆ తర్వాత అరగంట సేపు "అక్కడ ఒంటికి వెళ్లాలంటే నరకమండీ" అని వాపోతారు. నరకమేమీ కాదు. నగరం మొత్తం మీద నాలుగు వందలకు పైగా ఉచిత టాయ్‌లెట్లు రోడ్డు పక్కనే ఉన్నాయి. మనవాళ్లు వాటి ముందు నుంచే నడిచి వెళ్లి, అదేదో కరెంటు గది అనుకుని, ఇంకో కిలోమీటరు అవస్థ పడి, చివరికి రైల్వే స్టేషన్‌లో యూరో చెల్లించి పని కానిస్తారు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఆ గదిని అక్కడ సానిజెట్ అంటారు. 1980ల మొదట్లో వచ్చాయి, అప్పుడు నాణెం వేస్తే గానీ తలుపు తెరుచుకునేది కాదు. 2006 నుంచి ఉచితం. పాత ట్రావెల్ పుస్తకాలు చదివి జేబు నిండా చిల్లర మోసుకెళ్లకండి.

1. సంచిలో ఏం పెట్టుకోవాలి

అర లీటరు నీళ్ల సీసా, టిష్యూలు, శానిటైజర్, ఎందుకైనా మంచిదని రెండు యూరోల చిల్లర. అంతే. ఆన్‌లైన్‌లో అమ్మే మడత చెంబులు, బ్యాటరీ జెట్ స్ప్రేలు కొనకండి. మూతకి నొక్కే ముక్కు ఉన్న సీసా అయితే చాలు, అంతకు మించింది ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

సీసా ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. ఫ్రాన్స్‌లో టాయ్‌లెట్‌లో పేపరే ఉంటుంది, నీళ్ల పైపు ఉండదు. సీసా నింపుకోవడం తేలిక. వీధుల్లో ముదురు ఆకుపచ్చ రంగులో, నలుగురు స్త్రీల విగ్రహాలు గుమ్మటాన్ని మోస్తున్నట్టుండే ఇనుప ఫౌంటెన్లు కనిపిస్తాయి. రిచర్డ్ వాలెస్ అనే ఇంగ్లిష్ ఆయన 1872లో తన డబ్బుతో పెట్టించడం మొదలుపెట్టాడు. జనం ఫొటో తీసుకుని వెళ్లిపోతారు గానీ, అవి తాగే నీళ్లు. చలికాలంలో మాత్రం ఆపేస్తారు, అప్పుడు హోటల్ కుళాయి దగ్గరే నింపుకోండి.

2. ఎక్కడుందో ముందే చూసుకోవాలి

పొద్దున హోటల్ నుంచి బయల్దేరే ముందే మ్యాప్‌లో చూసుకోండి, అర్జెంటు అయ్యాక కాదు. నగరపాలక సంస్థ వెబ్‌సైట్‌లో సానిజెట్లన్నీ గుర్తులతో ఉంటాయి. ఆ రోజు తిరగబోయే దారిలో మూడు నాలుగు గుర్తు పెట్టుకుంటే చాలు. చాలావరకు ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంటాయి. కొన్ని అర్ధరాత్రి దాటాక కూడా పనిచేస్తాయి.

మెట్రో స్టేషన్‌లో ఉంటుందిలే అని దిగకండి. చాలా స్టేషన్లలో ఉండదు. ఎస్కలేటర్ లేని మెట్లన్నీ దిగి, మళ్లీ ఎక్కడమే మిగులుతుంది.

గోడ పక్కన కానిచ్చేద్దాం అనుకునే మగవాళ్లకి ఒక్క మాట. జరిమానా 135 యూరోలు.

3. తలుపు దగ్గర ఆగాలి

అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

తలుపు పక్కన బటన్, చిన్న దీపాలు ఉంటాయి. ఆకుపచ్చ వెలిగితే ఖాళీ. పసుపు అంటే లోపల మనిషి ఉన్నారు. నీలం అంటే కడుగుతోంది. ఎరుపు అంటే పాడైంది, అక్కడ నిలబడి ప్రయోజనం లేదు, తర్వాతిదానికి నడవండి.

ఈ గది తనను తాను కడుక్కుంటుంది. లోపలి మనిషి బయటికొచ్చి, తలుపు పూర్తిగా మూసుకున్నాక, కమోడ్‌నీ నేలనీ నీళ్లతో కడిగి, అప్పుడు మళ్లీ ఆకుపచ్చ దీపం వెలిగిస్తుంది. ముందువాళ్లు బయటికి రావడానికీ ఆకుపచ్చ వెలగడానికీ మధ్య లోపలికి వెళ్లకూడదు. నియమం అంతే, కానీ మనవాళ్లు పాటించరు.

ఎందుకంటే మన మంచితనం అడ్డొస్తుంది. కోడలు పని ముగించుకుని బయటికొస్తూ తలుపు పట్టుకుంటుంది. "అత్తయ్యా, మూసుకుపోతోంది, త్వరగా వచ్చేయండి!" అత్తగారు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దూరిపోతారు. వెనక క్యూలో ఉన్న ఫ్రెంచ్ వాళ్లు నోరు తెరుచుకుని చూస్తుంటారు. వాళ్లు కోప్పడుతున్నారని మనవాళ్లు అనుకుంటారు గానీ, నిజానికి ఆ పెద్దావిడ మీద జాలి పడుతున్నారు.

జాలి ఎందుకంటే, వీటిలో ఎక్కువ భాగానికి చేత్తో నొక్కే ఫ్లష్ ఉండదు. ఫ్లష్ కూడా ఆ కడుగుడులో భాగమే. అంటే తలుపు మూసుకోకముందు దూరినవాళ్లకి ముందువాళ్లు వదిలిందంతా ఉన్నది ఉన్నట్టుగా దర్శనమిస్తుంది. ఆ తర్వాత "పారిస్ టాయ్‌లెట్లు ఛీ" అని ఊళ్లో చెప్పేది ఇలాంటివాళ్లే. పైగా గదికి టైమ్ పరిమితి ఉంది. అది దాటితే తలుపు తనంతట తనే తెరుచుకుంటుంది. మధ్యలో మూసుకోనివ్వకపోతే, ముందు మనిషి వాడేసిన టైమ్ కూడా మీ ఖాతాలోనే పడుతుంది.

కాబట్టి క్రమం ఇది. లోపలివాళ్లు బయటికి రానివ్వండి. తలుపు పట్టుకుంటామంటే చిరునవ్వుతో వద్దనండి. తలుపు మూసుకోవాలి, నీలం వెలగాలి, నీళ్ల చప్పుడు వినపడాలి, ఆగాలి, ఆకుపచ్చ రావాలి. అప్పుడే బటన్ నొక్కాలి. ఈలోగా పదిసార్లు నొక్కితే పని తొందరగా అవదు, లిఫ్ట్ బటన్ విషయంలో కూడా అవదు, అయినా నొక్కేవాళ్లు నొక్కుతూనే ఉంటారు. మరీ ఆపుకోలేని స్థితిలో క్యూలో చేరితే ఈ రెండు నిమిషాలు రెండు గంటల్లా అనిపిస్తాయి. అందుకే కాస్త అనిపించగానే క్యూలో నిలబడాలి.

చిన్నపిల్లల్ని ఒంటరిగా పంపకండి. "నువ్వెళ్లి రా, నేనిక్కడే ఉంటా" అనడం ఇక్కడ కుదరదు. తల్లో తండ్రో కూడా లోపలికి వెళ్లాలి.

2024లో పాతవాటి స్థానంలో కొత్త రకం గదులు పెట్టడం మొదలైంది. వాటిలో మగవాళ్ల యూరినల్‌కి వేరే భాగం ఉంటుంది, క్యూ తొందరగా కదులుతుంది. ఏ రకమైనా తలుపు నియమం మాత్రం మార్చుకోకండి.

4. లోపల

లోపల బటన్ నొక్కి తలుపు మూసుకోండి. నేల తడిగా ఉంటుంది. అది కడిగిన తడి, ముఖం చిట్లించకండి. హ్యాండ్‌బ్యాగు మాత్రం కింద పెట్టకుండా భుజానికే ఉంచుకోండి. పేపర్ కమోడ్‌లోనే వేయొచ్చు, ఫ్రాన్స్‌లో దానికి ఇబ్బంది లేదు. వెట్ వైప్స్, ప్యాడ్లు వేయకూడదు.

సానిజెట్ కన్నా కేఫ్ టాయ్‌లెట్ నయం అనేవాళ్లతో నాకు ఎప్పుడూ వాదనే. మన అలవాట్లున్నవాళ్లకి ఇంతకంటే మంచి గది పారిస్‌లో లేదు. నేల తడిస్తే బాధ లేదు, ఎలాగూ కడిగేస్తుంది. అదే కేఫ్‌లో పొడి నేల, నీళ్లు పోయే దారి ఉండదు, సీసా వాడితే చుక్క కింద పడకుండా సర్కస్ చేయాలి. ఇక్కడ చేతులు కడుక్కునే చోటు అదే గదిలో ఉంటుంది. కేఫ్‌లో అది చాలాసార్లు తలుపు బయట, పదిమంది మధ్య ఉంటుంది. అన్నిటికీ మించి కేఫ్ టాయ్‌లెట్ సాధారణంగా నేలమాళిగలో, మనిషి పట్టీ పట్టనట్టుండే మెలికల మెట్ల కింద ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని అక్కడికి దింపడం పాపం. సానిజెట్ రోడ్డు మట్టంలోనే ఉంటుంది, చక్రాల కుర్చీ కూడా పడుతుంది.

5. సానిజెట్ దొరకకపోతే

అప్పుడే కేఫ్. ముందు "బోఁజూర్" అనాలి. అది అనకుండా నేరుగా టాయ్‌లెట్ ఎక్కడని అడిగితే, ఉన్న టాయ్‌లెట్ కూడా లేదంటారు. తర్వాత కౌంటర్ దగ్గర నిలబడే ఒక కాఫీ చెప్పండి. కూర్చుంటే అదే కాఫీకి ఎక్కువ తీసుకుంటారు, ధరల పట్టికలో రెండు రేట్లూ రాసి ఉంటాయి. ఏమీ కొనకుండా బతిమాలుకోవడం నాకు నచ్చదు, మీరూ చేయకండి. స్టార్ హోటల్లోకి ధీమాగా నడిచి వెళ్లిపొమ్మని వీడియోల్లో చెప్పే సలహా కూడా అంతే. బర్గర్ షాపుల్లో తలుపుకి కోడ్ ఉంటే అది బిల్లు మీదే ఉంటుంది, బిల్లు పారేయకండి.

కేఫ్‌లో దీపం ఉన్నట్టుండి ఆరిపోతే టెన్షన్ పడకండి. చెయ్యి ఊపితే వెలుగుతుంది. కొన్ని పాత కేఫ్‌లలో ఇప్పటికీ కింద కూర్చునే రకమే ఉంటుంది. తెల్లవాళ్లు దాన్ని చూసి బెంబేలెత్తుతారు, మన తాతగారికైతే ప్రాణం లేచొస్తుంది.

మ్యూజియంలు మరవకండి. పెతీ పాలే, కార్నవాలే రెండింటిలోనూ శాశ్వత ప్రదర్శనకి టికెట్ లేదు. లోపలికి వెళ్తే టాయ్‌లెట్ దొరుకుతుంది, బొమ్మలు అదనం. ఊరి బయటి నుంచి దూరప్రయాణపు రైల్లో వస్తుంటే దిగకముందే రైల్లోనే వెళ్లండి, స్టేషన్‌లో డబ్బు తీసుకుంటారు. డబ్బిచ్చి వెళ్లదగ్గది నా లెక్కలో ఒక్కటే ఉంది. మడ్లేన్ చర్చి దగ్గర భూమి లోపల 1905 నాటి టాయ్‌లెట్. చెక్క తలుపులు, రంగుటద్దాలు. ఏళ్ల తరబడి మూసేసి 2023లో మళ్లీ తెరిచారు, రెండు యూరోలు. చిల్లర తెమ్మన్నది అందుకే.

ఇంక పెద్దవాళ్ల సంగతి. టాయ్‌లెట్ దొరకదేమోనని పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. బీపీకి నీరు పోయే మాత్ర వేసుకునేవాళ్లు ఎండలో అలా తిరిగితే కళ్లు తిరిగి పడిపోవచ్చు. మాత్రని తమంతట తాము మానేయకూడదు. ఏ పూట వేసుకోవాలో ప్రయాణానికి ముందే డాక్టర్‌ని అడగాలి. గంటన్నరకోసారి, అడిగినా అడగకపోయినా, దారిలో ఉన్న సానిజెట్ దగ్గర ఆపండి. "నాకు రావట్లేదు" అంటారు, అయినా ఆపండి. రాత్రి పడవ షికారు పెట్టుకుంటే పది కాకముందే ఒకసారి తీసుకెళ్లండి, ఎందుకంటే తిరిగొచ్చేసరికి రేవు దగ్గరి గది మూసేసి ఉండొచ్చు.