తెలుగు ఈ-బుక్ స్క్రీన్ రీడర్‌లో వినిపించకపోతే: నా అనుభవం

మా పెద్దనాన్న కథల్ని ఈపబ్ అనే ఈ-బుక్ ఫైల్‌గా చేసి, చూపు లేని నా స్నేహితుడికి పంపాను. "ఒక్క ముక్క అర్థం కాలేదురా" అన్నాడు. తెర మీది అక్షరాల్ని పైకి చదివే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో నేనూ విన్నాను. పొంతన లేని ఇంగ్లిష్ అక్షరాలు చదువుతోంది. కారణం పాత డీటీపీ ఫాంట్. కంటికి తెలుగే, లోపల మాత్రం వేరే గుర్తులు. ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్‌లోకి మార్చి, తప్పిన వత్తులన్నీ దిద్దేసరికి వారం పట్టింది. అయినా ఇంగ్లిష్ గొంతే! ఫైల్‌లో భాష 'ఈఎన్' అని ఉంది. 'టీఈ' అని మార్చగానే తెలుగు గొంతు పలికింది.

చూపు లేనివాళ్లూ చదవగలిగే పుస్తకాల కోసం పనిచేసే డైసీ సంస్థ వాళ్ల ఉచిత టూల్ 'ఏస్'తో తనిఖీ చేస్తే, బొమ్మలకు వివరణ లేదని చూపింది. "బొమ్మ 3" అని రాసినా అది ఒప్పుకునేదేమో, కానీ వినేవాడికి ఏం లాభం? "గిలక బావి దగ్గర చేద పట్టుకున్న అమ్మాయి" అని రాశాను. వాడు ఆ రాత్రే నాలుగు కథలు విన్నాడు.