ఆకు వాలగానే మోటారు వెయ్యకండి

మూడేళ్ళ కింద ఏప్రిల్‌లో మా వంగతోట రోజూ మధ్యాహ్నం రెండయ్యేసరికి తలలు వేలాడేసేది. చూస్తూ ఊరుకోలేక మోటారు వేసేవాణ్ణి. పది రోజులకు కింది ఆకులు పసుపెక్కాయి. పదిహేను రోజులకు ఒక సాలు మొత్తం పోయింది. ఒక మొక్క పీకి చూస్తే తెల్లగా ఉండాల్సిన వేర్లు గోధుమ రంగుకు తిరిగాయి, వేళ్ళతో లాగితే పైతోలు ఊడొచ్చింది, మురుగు వాసన. మా చిన్నాయన చూసి ఒకటే మాట అన్నాడు: "మిట్టమధ్యాహ్నం చూస్తే ఏం తెలుస్తదిరా? పొద్దుగాల లేచి చూడు."

ఆ మాట ఎందుకు నిజమో తెలియాలంటే నీళ్ళు పైకి ఎలా ఎక్కుతాయో కాస్త తెలియాలి. చెట్టులో మోటారు లేదు. ఆకు అడుగున కంటికి ఆనని రంధ్రాలుంటాయి. వెలుతురు పడగానే గాలి తీసుకోవడానికి అవి తెరుచుకుంటాయి, అదే దారిలో లోపలి తడి ఆవిరైపోతుంది. ఒక చుక్క పోతే దాని వెనక చుక్క కదులుతుంది. బావిలో చేదతాడు లాగినట్టు ఆ లాగుడు వేరు దాకా అందుతుంది. వేరు పీల్చిన నీళ్ళలో నూటికి 97 పాళ్ళ దాకా ఇలా గాలిలో కలిసేవే. నమ్మకం కుదరకపోతే ఎండలో ఉన్న జామకొమ్మకు పొద్దున ఒక పారదర్శకమైన కవరు కట్టండి, మధ్యాహ్నానికి లోపలంతా చెమట పట్టి ఉంటుంది. 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి సెలైన్ సీసాలతో చెదల మందు ఎక్కించారు, గుర్తుందా? అంత మానులోనూ నీళ్ళు నడిచేది ఇలాంటి సన్నటి గొట్టాల్లోనే.

అంటే ఆకు వాలిందంటే పోయేది ఎక్కువైంది, వచ్చేది తక్కువైంది. వచ్చేది ఎందుకు తగ్గిందన్నదే అసలు ప్రశ్న.

మధ్యాహ్నం వాలి, పొద్దుగూకేసరికి లేస్తోంది

ఇది జబ్బు కాదు. మన దగ్గర 44 డిగ్రీల ఎండలో బీర, గుమ్మడి, బొప్పాయి లాంటి వెడల్పాకు మొక్కలకు వేరు ఎంత అందించినా చాలదు. ఆకు వాలితే ఎండ తగిలే మేర తగ్గుతుంది, ఒక రకంగా అది మొక్క చేసుకునే కాపుదల. మొక్క మొదలు చుట్టూ గడ్డీ గాదం పరచండి, వీలుంటే కూరగాయలకు షేడ్‌నెట్ కట్టండి. నీళ్ళు పొద్దున్నేనో సాయంత్రమో పెట్టండి. నా వంగతోటకు కావలసింది ఇంతే. నేను చేసిందే ఎక్కువైంది.

తెల్లవారినా లేవలేదు, మట్టి పొడిగా ఉంది

ఇది దాహం. జానెడు లోతు తవ్వి మట్టి పిడికిట పట్టండి, ముద్ద కట్టకపోతే నీళ్ళు పెట్టండి. చెల్కలో, అంటే ఇసుక పాలెక్కువున్న ఎర్రనేలలో నీళ్ళు నిలవవు కాబట్టి కొద్దికొద్దిగా, తరచుగా పెట్టాలి. రేగడిలో ఒకసారి బాగా తడిపి ఆరనివ్వాలి. ఇద్దరు పక్కపక్క రైతులు ఒకే లెక్కన డ్రిప్ తిప్పితే ఒకరికి మంచిది, ఒకరికి చేటు.

మట్టి తడిగానే ఉంది, అయినా వాలింది

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. వేరు బతకాలంటే దానికీ గాలి కావాలి. నీళ్ళు నిలిస్తే మట్టి సందుల్లోని గాలి పోతుంది. ఊపిరాడని వేరు తన చర్మంలో నీళ్ళు వెళ్ళే దారులు మూసేసుకుంటుంది. చుట్టూ నీళ్ళున్నా మొక్క ఎండిపోతుంది. దానికి మళ్ళీ నీళ్ళు పెడితే చంపినట్టే.

పత్తిలో దీని ఘోరమైన రూపం చూస్తాం. చాలా రోజులు వాన లేక బెట్ట పడి, ఒక్కసారి పెద్ద వాన కొట్టి, మర్నాడు ఎండ కాస్తే రేగడిలో నిండుగా కాయలున్న చెట్లే ముందు వేలాడతాయి. నిన్నటిదాకా చేనులో అవే బాగున్నవి, అందుకే మనిషి గుండె జారిపోతుంది. దీన్ని పారావిల్ట్ అంటారు, ఇది తెగులు కాదు. ముందు సాళ్ళ వెంట కాలువలు తీసి నీళ్ళు బయటికి పంపండి. వాలడం మొదలైన 24 గంటల్లోపు 100 లీటర్ల నీటికి 1 గ్రాము కోబాల్ట్ క్లోరైడ్ కలిపి పిచికారీ చెయ్యమని శాస్త్రవేత్తలు చెబుతారు. ఆలస్యమైతే ఆ చెట్టుకు ఏ మందూ పనిచెయ్యదు.

బత్తాయి తోటల్లోనూ ఇదే గోల. మొదలు చుట్టూ మడి కట్టి నీళ్ళు నింపితే కాండం నానుతుంది, బంక కారుతుంది, వేరు కుళ్ళుతుంది. కాండానికి నీళ్ళు తగలకుండా మొదలు దగ్గర మట్టి ఎగదోసి, నీటి పళ్ళెం దూరంగా, కొమ్మల నీడ అంచు దాకా కట్టండి. పీల్చే వేర్లు ఎక్కువగా ఉండేది అక్కడే.

సాలులో ఒకటి రెండు మొక్కలే వాలాయి

పక్కవి బాగుండి ఇవి మాత్రమే వాలితే గొట్టాలు మూసుకుపోయాయని అనుమానించండి. టమాట, వంగ అయితే ఒక చిన్న పరీక్ష ఉంది. కాండం అడుగున కోసి, ఆ ముక్కను గాజు గ్లాసు నీళ్ళలో కదలకుండా వేలాడదీయండి. కాసేపట్లో కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నటి దారం దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. మందుతో నయం కాదు. మొక్కను మట్టితో సహా తీసెయ్యండి, ఆ సాలు నీళ్ళు పక్క సాలులోకి పారనివ్వకండి, వచ్చే పంటకాలానికి అక్కడ మిరప, టమాట, వంగ కాకుండా జొన్నో మొక్కజొన్నో వెయ్యండి. పాలు దిగకపోతే వేరు చూడండి. ముడులు ముడులుగా బుడిపెలుంటే నులిపురుగులు. బంతి వేసి పంట మార్చడం, వేపపిండి చల్లడం మేలు.

ఆకు వాలలేదు, అంచులు కాలినట్టున్నాయి

బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువై ఉండొచ్చు. ఆకు నుంచి నీళ్ళే ఆవిరవుతాయి, ఉప్పు అంచుల్లోనే మిగిలిపోతుంది. కుండీ అంచున, మడి గట్టున తెల్లటి పొర కనబడితే అదే సాక్ష్యం. నీళ్ళు పరీక్ష చేయించండి. కుండీ అయితే అడుగు కారేదాకా వాన నీళ్ళతో రెండుసార్లు కడగండి. మొక్క మొదలు దగ్గర యూరియా గుప్పిట పోసినా ఇదే లక్షణం వస్తుంది.

నారు నాటగానే వాడింది

పీకేటప్పుడు సన్నవేళ్ళు తెగుతాయి, ఆకులేమో అన్నీ ఉంటాయి. సాయంత్రం నాటండి, నాలుగు రోజులు వేపమండలు నీడ పెట్టండి.

పొద్దున ఆకు కొసన నీటి చుక్క

వరి నారుమడిలో తెల్లారి ప్రతి ఆకు కొసనా ఒక్కో చుక్క వరసగా మెరుస్తుంది. అది మంచు కాదు. రాత్రి ఆవిరి పోనప్పుడు వేరు కిందనుంచి తోసిన నీళ్ళు అవి. తెగులేమోనని టెన్షన్ పడి మందు డబ్బా కొన్నవాళ్ళున్నారు. వేరు బతికే ఉందని, నేలలో తడి చాలినంత ఉందని ఆ చుక్క చెబుతోంది. ఆ రోజుకు మోటారు అక్కర్లేదు.