ఒకే థ్రెడ్ డేటాబేస్ కోసం ఎక్కువ కోర్లు కొనేముందు ఇది చూడండి

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నెమ్మదించింది, ఎస్‌పీ రోడ్డుకెళ్లి 16 కోర్ల ప్రాసెసర్ తెస్తే సరిపోతుందా అని బెంగళూరులో షాపులు నడుపుకునే మనవాళ్లు అడుగుతుంటారు. అది ఫాక్స్‌ప్రో లాంటి పాతకాలపు ఒకే థ్రెడ్ డేటాబేస్ అయితే కాస్త ఆగండి. థ్రెడ్ అంటే ప్రోగ్రామ్‌లో వరుసగా సాగే ఒక పని, కోర్ అంటే ప్రాసెసర్‌లో ఆ పని చేసే భాగం. ఒక థ్రెడ్ ఒక సమయంలో ఒక్క కోర్ మీదే నడుస్తుంది. దర్శిని హోటల్లో టోకెన్లిచ్చే మనిషి ఒక్కడే అయితే ఎన్ని కౌంటర్లు కట్టినా క్యూ తగ్గదు కదా.

ముందు బాగా ఆలస్యమయ్యే రిపోర్టు పెట్టి, అది నడుస్తుండగానే టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్ తెరిచి ఆ ప్రోగ్రామ్ సీపీయూ శాతం చూడండి. 8 లాజికల్ ప్రాసెసర్లున్న (అంటే విండోస్‌కి 8 కోర్లుగా కనిపించే) మెషీన్‌లో అది 12, 13 దాటకుండా అక్కడే ఉండిపోతే ఒక కోర్ పూర్తిగా నిండినట్టే (100ని 8తో భాగిస్తే 12.5, నాలుగే ఉంటే 25). చాలామంది ఇక్కడే పొరబడి, సీపీయూ చాలావరకు ఖాళీగానే ఉంది కదా అనుకుంటారు. కోర్లవారీ గ్రాఫులు కూడా నమ్మకండి, విండోస్ ఆ థ్రెడ్‌ని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి మారుస్తూ ఉంటుంది కాబట్టి పని అన్నిటికీ పంచినట్టే కనిపిస్తుంది. లినక్స్‌లో టాప్ అనే కమాండ్ అయితే మామూలుగా ఒక కోర్ నిండితే 100 అనే చూపిస్తుంది.

శాతం రెండు మూడు దగ్గరే ఉంటే అది డిస్క్ కోసమో నెట్‌వర్క్ కోసమో ఎదురుచూస్తోందన్నమాట, హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టండి, వైఫై బదులు కేబుల్ లాగండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఫాక్స్‌ప్రో ఫైళ్లు సర్వర్‌లో షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటే లెక్క చేసేది మీ ముందున్న పీసీయే, సర్వర్ ఫైళ్లు అందిస్తుందంతే. అక్కడ ఎన్ని కోర్లు పెంచినా ఉపయోగం లేదు!

కోర్ నిజంగానే నిండిపోతుంటే ముందు వెతికే కాలమ్ మీద ఇండెక్స్ (డేటాబేస్ త్వరగా వెతకడానికి ఉంచుకునే సూచిక) ఉందో లేదో చూడండి. చాలాసార్లు పైసా ఖర్చు లేకుండా పని అక్కడే అయిపోతుంది.

ఎక్కువ కోర్లు అసలు పనికిరావని కాదు, యాంటీవైరస్, బ్యాకప్ లాంటివి పక్క కోర్‌కి పోతాయి కాబట్టి రెండు నాలుగు కోర్ల దాకా తేడా తెలుస్తుంది. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ సర్వర్ అయితే వేరే సంగతి, అది ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్ ఇస్తుంది, 2016లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షన్ నుంచి కొన్ని పెద్ద క్వెరీలను కూడా ముక్కలు చేసి కోర్లకి పంచగలదు.

అప్పటికీ ప్రాసెసర్ మార్చాల్సిందే అంటే సింగిల్ కోర్ వేగం చూసి కొనండి. కోర్లు ఎక్కువున్న పాత సర్వర్ ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ నెమ్మదిదైతే రిపోర్టు ఇప్పటికన్నా ఆలస్యం కావచ్చు. వీలైతే డేటా కాపీని తెలిసినవాళ్ల కొత్త మెషీన్‌లో పెట్టి, అదే రిపోర్టు తీసి టైం చూసుకున్నాకే డబ్బు కట్టండి.