ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ – 4వ పాఠం: ఎడమ చేతికి కొత్త పని

ఈసారి అడుగుల గురించి చెప్పాల్సింది. వాయిదా వేస్తున్నాను. ఇవి టెన్నిస్‌లో రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ (రాకెట్ పట్టిన చేతికి అవతలివైపు వచ్చే బంతిని కొట్టే షాట్) నుంచి ఒంటిచేతికి మారేవాళ్ల కోసం రాస్తున్న పాఠాలు. పోయిన పాఠంలో గ్రిప్, అంటే రాకెట్ పట్టు, మార్చమన్నాక చాలామందికి వచ్చిన ఇబ్బందులు మూడే. బంతి ఎడమ సైడ్‌లైన్ దాటి బయటికి పోతోంది. లేదా గాల్లోకి లేచి, అవతలివాడు పండగ చేసుకునేట్టు నెట్ దగ్గరి సర్వీస్ బాక్సులో మెత్తగా పడుతోంది. అదీ ఇదీ కాకపోతే మోచేతి బయటివైపు ఎముక దగ్గర సలుపు. ఇదంతా గ్రిప్ వల్లేననుకుని కొందరు దాన్ని మళ్లీ పాత చోటికి తిప్పేశారు.

తిప్పకండి. రాకెట్ ముఖం నేలకి నిలువుగా ఉండేలా పట్టుకున్నప్పుడు హ్యాండిల్ చుట్టూ ఉన్న చదునైన పలకల్లో సరిగ్గా పైన కనిపించేది ఒకటో పలక. చూపుడువేలు అరచేతిలో మొదలయ్యే కణుపు, అరచేతి మడమ, రెండూ దాని మీద ఉంటే గ్రిప్‌లో తప్పు లేదు. (ఎడమచేతి వాటం వాళ్లు ఈ పాఠమంతా అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మార్చి చదువుకోండి.)

తప్పు ఎక్కడుందంటే, పట్టు కొత్తది, బంతిని తాకే చోటు మాత్రం పాతది. రెండు చేతులతో ఆడినంతకాలం మీ బ్యాక్‌హ్యాండ్‌ని నడిపింది ఎడమ చెయ్యి. నిజానికి అది ఎడమచేతి వాటం వాళ్ల ఫోర్‌హ్యాండే (రాకెట్ పట్టిన చేతివైపు కొట్టే షాట్), కుడి చెయ్యి తోడు వచ్చిందంతే. వెనకున్న భుజం నుంచి తోస్తారు కాబట్టి బంతి తుంటి పక్కకి వచ్చేదాకా ఆగినా ఎలాగో నెట్టుకొచ్చేవారు. ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. తలుపుకి కీలు మారింది. కీలు కుడి భుజం, అది ముందుంది. దాన్నుంచి చాచిన చెయ్యి, చేతిలోని రాకెట్ తిరిగొచ్చి నెట్‌కి ఎదురుగా నిలిచే చోటు కుడి కాలి బొటనవేలికి ఒక అడుగు ముందు. సుమారుగా 30 సెంటీమీటర్లు, బడిపిల్లల స్కేలు పొడవు. బంతి అక్కడ తగలాలి, అదీ నడుము ఎత్తులో.

అక్కడికి చేరకముందే తగిలితే రాకెట్ ముఖం ఇంకా ఎడమకే చూస్తుంటుంది కాబట్టి బంతీ అటే పోతుంది. ఆలస్యమైందని పసిగట్టి చేతిని తొందరపెట్టారనుకోండి, మోచెయ్యి వంగి ముందుకి పొడుచుకొస్తుంది, రాకెట్ వెనకబడి ముఖం ఆకాశానికి తెరుచుకుంటుంది. గాల్లోకి లేచే బంతి అదే. వెనకబడ్డ రాకెట్‌ని మణికట్టు విదిలించి లాక్కొస్తే ఆ కుదుపంతా మోచేతి బయటి ఎముకని పట్టుకున్న కండరం మీద పడుతుంది. మూడు ఫిర్యాదులు, రోగం ఒక్కటే.

మరి ఇంకొంచెం తొందరగా కొడితే సరిపోదా? సరిపోదు. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఆ 30 సెంటీమీటర్లని సెకనులో యాభయ్యో వంతులో దాటేస్తుంది. అంత చిన్న తేడాని చెయ్యి విసురుతూ సరిదిద్దడం ఎవరి వల్లా కాదు. విసురు మొదలయ్యే వేళకే రాకెట్ వెనక సిద్ధంగా ఉండాలి. అంటే బంతి అవతలివాడి రాకెట్ వదిలి నెట్ దాటేలోపు మీ భుజాలు తిరిగిపోవాలి. భుజాలు తిప్పడం ఎలాగో మీకు తెలుసు, ఫోర్‌హ్యాండ్‌కి రోజూ చేసేదే. ఇక్కడ ఎందుకు చెయ్యరంటే, ఎడమ చేతికి సెలవిచ్చేశారు కాబట్టి.

అసలు చేటంతా 'ఒంటిచేతి' అన్న పేరులోనే ఉంది. ఆ పేరు విని జనం ఎడమ చేతిని పక్కన పడేస్తారు. కొందరు జేబు దగ్గర వేలాడదీస్తారు, కొందరు పొట్టకి ఆనిస్తారు, ఇంకొందరిదైతే కుడి చేతి వెంటే పరిగెడుతుంది, పెళ్లికి పోతున్న అన్న వెనక తమ్ముడిలా. ఈ షాట్‌లో ఎడమ చెయ్యి బంతిని కొట్టదు, అంతే తేడా. మిగతా పనిలో సగానికి పైగా దానిదే.

రాకెట్ మెడ దగ్గర, హ్యాండిల్ చీలి రెండు కొమ్మలయ్యే చోట, ఎడమ బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్లు ఇంకోవైపు ఉండాలి. పట్టు గట్టిగా వద్దు, రాకెట్ బరువు మాత్రం దాని మీదే ఉండాలి. పరీక్ష సులువు: సిద్ధంగా నిలబడి కుడి చేతి వేళ్లు పూర్తిగా విప్పేయండి. రాకెట్ కిందికి వాలితే ఇప్పటిదాకా మోసింది కుడి చెయ్యి అన్నమాట. అలసిన కుడి చెయ్యి మోచేతిని వంచుతుంది, మళ్లీ పాత కథే.

బంతి బ్యాక్‌హ్యాండ్ వైపు అని తెలియగానే ఎడమ చెయ్యి ఒకే కదలికలో రెండు పనులు చెయ్యాలి. మెడ పట్టుకుని రాకెట్‌ని తిప్పుతుంది, వదులుగా ఉన్న కుడి చేతిలోకి ఒకటో పలక తనే వచ్చి కూర్చుంటుంది. అలాగే రాకెట్‌ని ఎడమ భుజం దాకా వెనక్కి లాగుతుంది, ఆ లాగుడికి కుడి భుజం గడ్డం కిందికి వస్తుంది. ఈ స్థితిలో అవతలివాడికి మీ కుడి భుజం వెనక రెక్క కనబడాలి. ఛాతీ కనబడుతుంటే ఇంకా తిరగలేదన్నమాట. కుడి చేత్తో రాకెట్‌ని వెనక్కి 'తీసుకెళ్లే' వాళ్లకి ఇది ఎన్నటికీ కుదరదు. చెయ్యి ఒక్కటే పోతుంది, భుజం ఉన్నచోటే ఉంటుంది.

ఎడమ చెయ్యి రాకెట్‌ని ఎప్పుడు వదలాలన్నది అసలు చిక్కు. రాకెట్ తల బంతి కన్నా ఒక జానెడు కిందికి దిగి, హ్యాండిల్ అడుగున కంపెనీ గుర్తు వేసే ఆ మూత వచ్చే బంతికేసి చూసే క్షణం ఒకటుంటుంది. అప్పుడే. అంతకుముందు వదిలితే రాకెట్ వెనక ఊగిసలాడుతుంది, దాన్ని ఆపడానికి మణికట్టు బిగుస్తుంది. ఆ తర్వాత కూడా పట్టుకునే ఉంటే రెండు చేతుల షాటే మళ్లీ వస్తుంది, మధ్యలో ఒక కుదుపుతో. 'ఒకటి, రెండు' అని లెక్కపెట్టి వదలడం పనికిరాదు. ఒకో బంతి ఒకో వేగంతో వస్తుంది. మూత చూపు మీదే ఆధారపడండి.

వదిలాక ఎడమ చెయ్యి ఎక్కడికి పోవాలి? వెనక్కి. కత్తి దూసే పని గుర్తు తెచ్చుకోండి. 'ఒరలోంచి కత్తి దూసినట్టు కొట్టు' అని ప్రతి కోచ్ చెప్తాడు, కుడి చెయ్యి గురించే చెప్తాడు. ఒర సంగతి ఎవరూ మాట్లాడరు. ఎడమ చెయ్యి ఒరని పట్టి వెనక్కి లాగకపోతే కత్తితో పాటు ఒర కూడా ముందుకొస్తుంది. కత్తి కాంతారావు ఫొటో అయినా సరే, ముందు ఎడమ చెయ్యి ఎక్కడుందో చూడండి. మనకి ఒర అంటే ఛాతీ. ఎడమ చెయ్యి వెనక కంచె వైపు చాచుకుంటే ఛాతీ పక్కకే నిలబడుతుంది, కుడి చెయ్యి దాని నుంచి విడివడి బంతిలోంచి దూసుకుపోతుంది. ఎడమ చెయ్యి కూడా ముందుకొస్తే ఛాతీ నెట్ వైపు తెరుచుకుంటుంది, రాకెట్ బంతిని అడ్డంగా తుడుస్తుంది, బంతి కుడివైపు వంకరగా, బలం లేకుండా పోతుంది. ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌కి పేరుపడ్డ వావ్రింకా, హెనిన్ ఫొటోలు తీసి చూడండి: బంతి తగిలిన వేళ ఎడమ చెయ్యి వెనక్కి చాచి ఉంటుంది. హెనిన్ ఎత్తు 167 సెంటీమీటర్లు, ఫ్రెంచ్ ఓపెన్ టైటిళ్లు నాలుగు. కాబట్టి ఆ బలం ఎత్తు నుంచి వచ్చింది కాదు.

చేతులు ఎంత చాపాలని అడక్కండి. కొట్టాక రెండు సెకన్లు బొమ్మలా నిలబడండి. కుడి చెయ్యి ముందు పైకి, ఎడమ చెయ్యి వెనక కిందికి ఉండి, ఎడమ అరచెయ్యి వెనక కంచెకి కనబడుతుంటే చాలు. బంతి వెళ్లిపోయాక ఛాతీ తెరుచుకుంటే నాకేం అభ్యంతరం లేదు. తగిలే ముందు తెరుచుకుంటేనే అభ్యంతరం.

మణికట్టు గురించి రెండు ముక్కలు, ముఖ్యంగా బ్యాడ్మింటన్ నుంచి వచ్చినవాళ్లకి. హైదరాబాద్, విజయవాడల్లో టెన్నిస్ మొదలుపెట్టే పెద్దవాళ్లలో వీళ్లు చాలామందే ఉంటారు. బ్యాక్‌హ్యాండ్ అనగానే బొటనవేలిని హ్యాండిల్ వెనక నిలువుగా ఆనించి, మణికట్టుతో చిటికేసినట్టు కొడతారు. షటిల్ బరువు 5 గ్రాముల చిల్లర. టెన్నిస్ బంతి 56 నుంచి 59.4 గ్రాములు, రాకెట్ 300 గ్రాముల దగ్గర. ఆ చిటిక ఇక్కడ చెల్లదు. బొటనవేలు హ్యాండిల్‌ని ఏటవాలుగా చుట్టుకుని మధ్యవేలిని తాకాలి. మణికట్టు సరిగ్గా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. బంతి తాకే స్థితిలో నిలబడి, చేతి వెనక నుంచి ముంజేతి మీదికి 15 సెంటీమీటర్ల స్కేలు పెట్టించుకోండి. రెండు చివర్లా ఆని మధ్యలో కాగితం దూరేంత సందు ఉంటే బాగున్నట్టు. స్కేలు మణికట్టు ఎముక మీద తూగుటుయ్యాలలా ఊగితే చెయ్యి లోపలికి వంగి ఉంది. అలా వంగిన మణికట్టుతో వంద బంతులు కొడితే నూటొకటోది మోచేతికి తగులుతుంది.

ఇప్పటికే సలుపు ఉన్నవాళ్లు: చెంబెడు నీళ్లు ఎత్తితే నొప్పి పుడుతోందా? అయితే కింది సాధన మీకు కాదు, ముందు ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లండి. మిగతావాళ్లు రాకెట్‌లో గట్టి పాలియెస్టర్ తీగలుంటే తీయించి మల్టీఫిలమెంట్ (సన్నని పోగులు కలిపి చేసిన మెత్తని తీగలు) వేయించండి, 50 నుంచి 52 పౌండ్ల బిగుతు. ఈ సలహా నా ఇష్టాన్ని బట్టి ఇస్తున్నదే, కానీ మార్పిడి కాలంలో పాలియెస్టర్‌కి నేను ఒప్పుకోను. మే నెల చెమటకి గ్రిప్ జారి గట్టిగా పిసికేవాళ్లు హ్యాండిల్ మీద చుట్టే పట్టీని, అంటే ఓవర్‌గ్రిప్‌ని, గంటకోసారి మార్చండి. ఒకదాని మీద ఇంకొకటి చుట్టొద్దు, హ్యాండిల్ లావై పలకలు తెలియకుండా పోతాయి.

మ్యాచ్‌ల్లో ఏం చెయ్యాలని మళ్లీ అడుగుతున్నారు. సాధనలో ఒంటిచేత్తో, మ్యాచ్‌లో రెండు చేతులతో అంటే రెండు పడవల మీద కాళ్లు. కష్టమైన బంతికి స్లైస్ (రాకెట్‌ని పైనుంచి కిందికి కోసినట్టు కొట్టే షాట్) కొట్టండి, దానికీ ఎడమ చెయ్యి ఇలాగే వెనక్కి పోవాలి, కాబట్టి అభ్యాసం చెడదు. గెలుపు సంగతి కొన్నాళ్లు మర్చిపోండి. అమెరికా ఆటగాడు పీట్ సాంప్రాస్ 14 ఏళ్ల వయసులో ఈ మార్పు చేసుకున్నాడు, జూనియర్ మ్యాచ్‌లు బోలెడు పోగొట్టుకున్నాడు, 1990లో యుఎస్ ఓపెన్ గెలిచాడు. స్వీడన్ ఆటగాడు ఎడ్బర్గ్ కూడా చిన్నప్పుడు రెండు చేతులవాడే. ఇక 2024 ఫిబ్రవరిలో పురుషుల టాప్ 10లో ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ ఒక్కటీ మిగల్లేదు, 1973లో ర్యాంకింగులు మొదలయ్యాక అదే మొదటిసారి. భుజం పైకి ఎగిరే టాప్‌స్పిన్ (ముందుకి గిరగిరా తిరిగే) బంతులు అందుకు పెద్ద కారణం. వాటి సంగతి ఆరో పాఠంలో. అప్పటిదాకా అలాంటి బంతి వస్తే వెనక్కి జరిగి నడుము ఎత్తుకి దిగనివ్వండి, లేదా స్లైస్.

ఇక సాధన. సొంతంగా బంతి వదులుకుని కొట్టడం ఈసారి నిషిద్ధం. ఎడమ చేతిలో బంతి ఉంటే రాకెట్ మెడ ఎవరు పట్టుకుంటారు? పోయినసారి అలా చేసినవాళ్లకే ఎక్కువ చిక్కులు వచ్చాయి. తోడుగా ఎవరినైనా పిలవండి, ఇంట్లో పిల్లలైనా చాలు. సర్వీస్ లైన్ దగ్గర పక్కకి తిరిగి నిలబడి, కుడి బొటనవేలి దగ్గర సుద్దతో ఒక గీత, నెట్ వైపు 30 సెంటీమీటర్ల దూరంలో ఇంకో గీత. తోడున్న మనిషి మీకు ఎదురుగా, రాకెట్ అందనంత దూరంలో మోకాళ్ల మీద కూర్చుని రెండో గీత మీద పడేలా బంతిని మెల్లగా విసరాలి. పాతబడి మెత్తబడ్డ బంతులు వాడండి, లేదా ఆకుపచ్చ చుక్క బంతులు. అవి మామూలు వాటికన్నా పాతిక శాతం నెమ్మది.

రోజుకి 60 బంతులు, పది రోజులు. ప్రతి బంతికీ రెండు సెకన్ల బొమ్మ తప్పనిసరి. బొమ్మ తప్పితే ఆ బంతి లెక్కలోకి రాదు, ఎంత అందంగా పడినా సరే. 60 కొట్టడానికి మొదటి రోజు గంట పట్టవచ్చు. ఇది ఎక్కువని తెలుసు. తగ్గించను.

తోడెవరూ దొరక్కపోతే గోడ ముందు, ఏడెనిమిది మీటర్ల దూరంలో, రెండు గెంతుల మీద. తిరిగొచ్చే బంతి మొదటి గెంతు వేసేలోపు ఎడమ చెయ్యి రాకెట్‌ని భుజం దాకా లాగేసి ఉండాలి. గోడ దగ్గర వేగం పెంచే సరదా అందరికీ ఉంటుంది, పెంచితే పాత చోటికే పోతారు.

రోజూ నిద్రపోయే ముందు, రాకెట్‌కి కవర్ తొడిగి 20 ఉత్తి విసుర్లు. లీటరు నీళ్ల సీసా కుడి చేతిలో పట్టుకుని, ముంజెయ్యి బల్ల అంచున ఆనించి, అరచెయ్యి కిందికి చూస్తుండగా మణికట్టుని మెల్లగా కిందికి వాల్చండి. పైకి ఎత్తేటప్పుడు ఎడమ చేత్తో సాయం చెయ్యండి. పదిహేను చొప్పున మూడుసార్లు.

పదో రోజు 20 బంతులు లెక్కపెట్టండి. నెట్‌కి తగిలినవి తప్పులుగా రాసుకోవద్దు, అవి శరీరానికి ముందు తగిలిన బంతులు, వాటిని నెట్ దాటించడం వచ్చే పాఠంలో చూద్దాం. ఎడమకి పోయినవి మాత్రం రాయండి. అవి నాలుగు దాటితే ఐదో పాఠం తెరవకండి.