మళ్లీ 45 అడుగుల నుంచి

మావాడికి పన్నెండేళ్లు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. బేస్‌బాల్ ఆడతాడు. నిరుడు శనివారం ఒక టీముకి, ఆదివారం ఇంకో టీముకి పిచింగ్ చేసేవాడు, అంటే బ్యాటరుకి బంతి విసిరేవాడు. ఎన్ని బంతులు విసిరాడో ఏ కోచ్ లెక్క ఆ కోచ్ దగ్గరే. రెండూ కలిపి చూడాల్సినవాణ్ని నేను, చూడలేదు. మే నెలలో ఒకరోజు పళ్లు తోముకుంటూ మోచేతి లోపలివైపు నొప్పన్నాడు. ఈ వయసులో అక్కడి ఎముక ముక్క ఇంకా పూర్తిగా అతుక్కుని ఉండదు, గట్టిగా విసిరినప్పుడల్లా దాని మీద లాగుడు పడుతుంది. డాక్టరు ఆరు వారాలు బంతి ముట్టుకోవద్దన్నారు. ఆ తర్వాత మళ్లీ విసరడం మొదలుపెట్టడానికి ఫిజియో రాసిచ్చిన పద్ధతి ఇది. మీవాడికి నొప్పుంటే ముందు డాక్టరుకి చూపించండి.

మొదట పార్కు చుట్టూ పరుగు. చెమట పట్టాకే బంతి.

టేపుతో 45 అడుగులు కొలిచి, గడ్డిలో నా చెప్పొకటి గుర్తు పెడతాను. మెల్లగా కొన్ని విసిరాక, లెక్కపెట్టి 25. కూర్చుని నీళ్లు తాగి, ఓ పది నిమిషాలాగి మళ్లీ 25. ఆ రోజుకి అంతే, మర్నాడు సెలవు. నొప్పి లేకపోతే తర్వాతి సారి మూడు విడతలు, 75. అదీ బాగుంటే 60 అడుగులకి, ఆపైన 90కి ఇదే వరస, ఒక్కోటీ ఒక మెట్టు. లెక్కకి మొదట జేబులో పాతిక వేరుశనగ గుళ్లు వేసుకునేవాణ్ని. మధ్యలో రెండు నోట్లో వేసుకోవడంతో లెక్క తప్పింది. ఇప్పుడు గులకరాళ్లు.

బంతి బాణంలా కాదు, కాస్త పైకి లేచి దిగాలి. కుడిచేతివాడైతే కుడికాలు అడ్డంగా తిప్పి ఒక గెంతు, ఎడమకాలు ముందుకి, అప్పుడు చెయ్యి. క్రో హాప్ అంటారు, కాకి గెంతే. తెనాలిలో బౌండరీ దగ్గర నిలబడ్డ చోటునుంచే వికెట్లకి విసిరిన నాకు మొదట్లో ఇదేదో డాన్సులా అనిపించింది.

మొదటి విసుర్లలో కాస్త సలిపి, పదిహేను లోపు తగ్గిపోతే ఆ రోజు మెట్టు పూర్తి చేయనివ్వండి, తర్వాతి సారి కూడా అదే మెట్టు. తగ్గకపోతే అక్కడే ఆపి, రెండు రోజులు సెలవిచ్చి, ఒక మెట్టు దిగండి. విసిరాక గంట దాటినా సలుపుంటే ఒకరోజు అదనపు సెలవు, మళ్లీ అదే మెట్టు. మోచేతి కీలులోనే నొప్పంటే మాత్రం డాక్టరు దగ్గరికే.

కష్టం నొప్పి ఉన్న రోజు కాదు, లేని రోజు. "నాన్నా, ఇంకో పది!" అంటాడు. చేతిలోని బంతి తీసుకుని సంచిలో వేసి జిప్పు లాగేస్తాను. కారెక్కేదాకా మాట్లాడడు.

ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద ఒకటే కాగితం, రెండు టీముల లెక్కా దాని మీదే. అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ నడిపే మేజర్ లీగ్ వాళ్ల పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం 11-12 ఏళ్లవాళ్లకి రోజుకి 85 పిచ్‌లు దాటకూడదు, 65 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. పిచింగ్ చేసిన ఆటలోనే, బ్యాటరు వెనక బంతులు పట్టే క్యాచర్‌గానూ నిలబెట్టకూడదు. కోచ్ అడిగితే మొహమాటపడకుండా కాదనండి.

పోయిన వారమే మౌండ్, అంటే పిచర్ నిలబడే మట్టిదిబ్బ, ఎక్కాడు. సగం జోరుతో, మెలిక తిప్పని 15 ఫాస్ట్‌బాల్స్, అంతే. పదహారోదానికి చెయ్యి చాపాడు, బంతి అప్పటికే సంచిలో ఉంది.